ఆరో చీటీ

కెదార్ అంటే మనిషి పేరు కాదు, స్పానిష్ క్రియ. దాన్ని ఆరు రకాలుగా వాడతారు. స్పానిష్ నేర్చుకునేవాళ్ల కోసం తయారవుతున్న నిఘంటువు సరిగ్గా దాని దగ్గరే ఆగిపోయింది. సాయంత్రంలోగా ఆ పేజీ ప్రెస్సుకు వెళ్లాలి.

సంపాదకుడిది ఒకటే నియమం. ఉదాహరణలు కల్పించి రాయకూడదు. అవి ఎవరో ఒకరి బతుకులో నిజంగా జరిగినవి అయ్యుండాలి. అర్థానికొక చీటీ చొప్పున రెండు భాషల్లోనూ టైపు చేసి, తేదీ వేసి పంపాలి. పంపినవాళ్ల పేరుండదు, పోస్టు బాక్సు నంబరే ఉంటుంది. పేరు తెలిస్తే మొహమాటానికి పోయి తప్పులు వదిలేస్తామని ఆయన భయం. నిజానికి సొంత తాత రాసినా కామా దగ్గర పట్టుకునే రకం.

ఈసారి కవరు పదిహేడో నంబరు నుంచి వచ్చింది. టైపిస్టు చీటీలు తీసి చదవడం మొదలుపెట్టింది. ఆయన ప్రూఫుల్లోంచి తల ఎత్తకుండా వింటున్నాడు.

"మొదటిది, ఉండిపోవడం. 'సాయంత్రం స్పానిష్ క్లాసులో ఎనిమిదింటిదాకా ఉండిపోయాను. ఎక్కడికెళ్లావని ఆయన అడగలేదు.'"

"బాగుంది. వేసెయ్."

"రెండోది, బట్టలు నప్పడం. 'నీలం కోటు నాకు నప్పిందా అని అడిగాను. ఏ కోటు అన్నారు. అప్పటికి వేసుకునే ఉన్నాను.'"

"చివరి వాక్యం అనవసరం. కొట్టెయ్."

"మూడోది, ఒక స్థితికి రావడం. 'ఆ రోజు నుంచి మాట్లాడ్డం మానేసి ఊరుకుండిపోయాను. ఆ సంగతి ఆయనకింకా తెలీదు.'"

టైపిస్టు ఆగింది.

"సార్, ఈవిడింట్లో ఏదో జరుగుతోందండీ."

"మనకి కావాల్సింది వాక్యం, సంసారం కాదు. తర్వాత?"

"నాలుగోది, ఫలానా చోట ఉండటం. 'బస్టాండు ఆయన ఆఫీసుకి రెండు వీధుల అవతలే ఉంది.' ఐదోది, కలుద్దామనుకోవడం. 'గురువారం ఆరింటికి బస్టాండులో కలుద్దాం, మీరొస్తే ఆగిపోతాను, రాకపోతే బస్సెక్కేస్తాను అన్నాను. కాగితాల్లోంచి తల ఎత్తకుండా ఊఁ అన్నారు.'"

చీటీ మీద తేదీ సోమవారానిది. టైపిస్టు గోడమీది క్యాలెండరు చూసింది.

"సార్! ఈవేళే గురువారం!"

"ఊఁ."

"ఆ మహానుభావుడు వస్తాడంటారా?"

"ఊఁ అన్నాడంటే విన్నట్టే కదమ్మా. వస్తాడు."

"నాకు నమ్మకం లేదండీ. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది పాపం."

"శంఖం సంగతి తర్వాత. ఆరోది చదువు."

"లేదండీ. ఐదే ఉన్నాయి."

ఆ రోజు ఆయన తల ఎత్తడం అదే మొదలు.

"'మిగలడం' లేదా? అసలైన అర్థమే అది! అది లేకుండా పేజీ ఎలా పంపుతాం?"

"మీరే ఒకటి రాసెయ్యండి సార్."

"నాకలాంటిదేమీ జరగలేదు. కల్పించమంటావా?"

పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో వాదించి లాభం లేదని టైపిస్టుకు నాలుగేళ్లుగా తెలుసు. ఆయన ప్రెస్సుకు ఫోన్ చేసి, రేపు పొద్దుటిదాకా గడువు అడిగాడు. తన ఉద్యోగంలో ఒక పేజీ ఆలస్యం కావడం ఇదే మొదటిసారని వాళ్లకు రెండుసార్లు చెప్పాడు. నిజంగానే బాధపడ్డాడు.

ఐదున్నరకు టైపిస్టు సంచీ సర్దుకుంది.

"బస్టాండు మీదుగానే వెళ్తానండీ. ఆ నీలం కోటావిడ కనిపిస్తే ఇంకాసేపు ఆగమ్మా అని చెప్తా."

"చెప్పు. ఆరో చీటీ సంగతి కూడా అడుగు."

ఆమె వెళ్లాక ఆయన పదిహేడో నంబరుకు ఉత్తరం రాశాడు. 'మీ వాక్యాలు చాలా సహజంగా ఉన్నాయి. ఇంత దగ్గర నుంచి మనుషుల్ని గమనించేవారు మాకు దొరకడం అదృష్టం. అయితే ఆరో అర్థాన్ని వదిలేయడం బాధ్యతారాహిత్యం.' చివరి మాట గట్టిదైపోయిందేమో అనిపించి, దాని బదులు ఇంకోటి వెతికాడు. దొరకలేదు. ఉత్తరం కవర్లో పెట్టి, అంటించి, పోస్టు డబ్బాలో వేసేసరికి ఆరూ ఇరవై అయింది.

బస్టాండు ముందు ఒక బస్సు రోడ్డెక్కుతూ హారన్ కొట్టింది. ఆయన ప్రూఫులు గుండెలకు హత్తుకుని పక్కకు తప్పుకున్నాడు. దుమ్ము పడలేదు కదా అని చూసుకుని ముందుకు నడిచాడు.

ఇంటి తలుపుకు తాళం వేసి ఉంది. జేబులోంచి తన తాళంచెవి తీసి తెరిచి, లైటు వేశాడు.

భోజనాల బల్ల మీద, రెండో తాళంచెవి కింద, ఆ రోజు తేదీతో టైపు చేసిన ఆరో చీటీ ఉంది: 'ఇంట్లో ఆయన ఒక్కరే మిగిలారు.'