మచ్చలేని గాజు తలుపు

“ఇందులో గాజు కనిపిస్తోందండీ,” అన్నాడు కళ్ళజోడాయన, కంప్యూటర్ తెర మీదకు వంగి.

“గాజు తలుపు కదండీ, కనిపించకపోతే ఎలా?” అంది చెల్లెలు.

“అది గాజులా లేదమ్మా. పచ్చటి ప్లాస్టిక్ అట్టలా ఉంది.”

చెల్లెలు మూతి ముడిచింది కానీ కాదనలేకపోయింది. కట్టబోయే ఇళ్ళకు ముందే ఫొటోల్లాంటి బొమ్మలు చేసివ్వడం ఆ అక్కాచెల్లెళ్ళ వృత్తి. వచ్చినవాళ్ళతో మాట్లాడి పని ఒప్పుకునేది అక్క. కంప్యూటర్‌లో గోడలు లేపి, వాటి మీద వెలుతురు పోసేది చెల్లెలు. చెక్కా, రాయీ, గుడ్డా ఆమె చెప్పినట్టు వింటాయి. గాజుతోనే తంటా. దానికంటూ ఓ రంగుండదు. వెనకున్నది కాస్త, ముందున్నది కాస్త అప్పు తెచ్చుకుని బతుకుతుంది.

“మందం లేకుండా వట్టి పొరలా పెట్టాను. మందమిస్తే వెలుతురు లోపలికి దూరేటప్పుడోసారి, బయటికొచ్చేటప్పుడోసారి వంగుతుంది. అప్పుడు సరిగ్గా వస్తుంది.”

“నిజంగా ఎలా ఉంటుందో అలాగే రావాలి. మిట్టమధ్యాహ్నం, బయట తోటలో ఎండ. కర్టెన్లు వద్దు.”

“రెండు వేలిముద్రలు, కాస్త దుమ్ము వేయనా? మరకలుంటేనే గాజని నమ్ముతారు.”

“వద్దు. ఆ రోజు శుభ్రంగా తుడిచి...” ఆయన ఠక్కున ఆగాడు. “అంటే, శుభ్రంగా ఉండాలి.”

చెల్లెలు ఆయన ముఖంలోకి చూసింది. కట్టబోయే ఇంటికి ‘ఆ రోజు’ ఎక్కడిది?

“ఎక్కణ్ణుంచి చూస్తున్నట్టు చేయమంటారు?”

ఆయన లేచి నిలబడి, చేయి తన భుజం దగ్గర పెట్టి చూపించాడు. “వంటగట్టు దగ్గర నిలబడి, ఇంత ఎత్తు నుంచి.” తర్వాత ఆ చేతిని మోకాలి దాకా దించాడు. “ఇంకోటి ఇక్కణ్ణుంచి.”

ఆయన వెళ్ళగానే అక్క నవ్వింది. “మోకాలెత్తు మనుషులు కూడా ఇల్లు కొంటున్నారటే?”

చెల్లెలికి నవ్వు రాలేదు. సాయంత్రం ఆయన నేల రంగు కోసం పంపిన ఫొటో చూశాక అసలే రాలేదు. నేలంతా గీతలు, నడిచి నడిచి అరిగిన మెరుపు. ఓ మూల తలుపు జరిగే పట్టా, దాని వెనక అడ్డంగా కొట్టిన ప్లైవుడ్ చెక్క. ఫొటోను పెద్దది చేసింది. పట్టా సందుల్లో పంచదార పలుకుల్లా ఏవో మెరుస్తున్నాయి.

“అక్కా, ఇలా రా. ఈ ఇల్లు ఎప్పుడో కట్టేశారు. ఇక్కడ అద్దం పగిలింది.”

అక్క చూసి నిట్టూర్చింది. “ఎవరి బిడ్డో ఆ అద్దంలోకి దూసుకెళ్ళుంటుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ‘ఆ రోజు’ అని ఆయనే నోరు జారాడు కదా. కేసేదో నడుస్తున్నట్టుంది. తప్పు మాది కాదు, అద్దం ఎవరికీ కనబడదు అని చూపించడానికే ఈ బొమ్మ.”

“అంటే నా చేత దొంగ సాక్ష్యం చెప్పిస్తున్నాడా?”

“మనకెందుకే? అడిగింది చేసిచ్చెయ్.”

“చేస్తాను. ఉన్నదున్నట్టే చేస్తాను. ఆయన బండారం ఆ అద్దమే బయటపెడుతుంది.”

అన్నట్టే చేసింది. గాజుకు మందమిచ్చింది. అంచుల్లో లేత పచ్చదనం కలిపింది. అద్దంలో నీడలు కనిపించాలంటే గదిలో వస్తువులుండాలి కాబట్టి ఫ్రిజ్జు, గోడ దీపం, తెల్ల సొరుగులు, ఆయనిచ్చిన కొలతల ప్రకారం ఒక్కటీ వదలకుండా పెట్టింది. తెల్లటి ఫ్రిజ్జు నీడైనా ఆ తలుపులో పడకుండా ఎక్కడికి పోతుందని ఆమె ధీమా. 

గరుకు గరుకుగా మొదలైన బొమ్మ నెమ్మదిగా తేటపడింది. తోట, ఎండ, గడ్డి మీద బంతి. బయటి ఎండ ముందు గది నీడలన్నీ వెలవెలబోయి మాయమయ్యాయి. తలుపు ఉన్నట్టే లేదు. చెల్లెలు తను పెట్టినవన్నీ మళ్ళీ సరిచూసి, కంప్యూటర్ చేత ఇంకోసారి గీయించింది. అదే బొమ్మ. మోకాలెత్తు నుంచి చేసినా అంతే.

మర్నాడు కళ్ళజోడాయన అచ్చు వేసిన బొమ్మను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

“ఇందులో తలుపు తీసుందా, మూసుందా?”

“మూసే ఉంది.”

“మీరేమీ మార్చలేదు కదా?”

“వెంట్రుకవాసి కూడా.”

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. “హమ్మయ్య. గట్టెక్కినట్టే.”

చెల్లెలికి ఒళ్ళు మండింది. “ఎవరండీ గట్టెక్కేది? అక్కడ ఎవరి బిడ్డకి దెబ్బ తగిలింది?”

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. “మా పాపకే. ‘వెళ్ళి తోటలో ఆడుకో తల్లీ’ అని మా ఆవిడే పంపింది, వంటగట్టు దగ్గర్నుంచి. తలుపు తీసే ఉందనుకుంది.”

“అనుకుందో, మూసుందని తెలిసే పంపిందో!”

“ఏమే, నోరు!” అక్క మోచేత్తో పొడిచింది.

“ఆవిణ్ణి తప్పుపట్టకండమ్మా. మా ఇంట్లో రోజూ వినే మాటే అది. చూసే ఉండాలి, చూసీ పంపింది, అదేం తల్లి అని. నేనెంత మొత్తుకున్నా చెవికెక్కట్లేదు.”

చెల్లెలి గొంతు తగ్గింది. “పాపకెలా ఉంది?”

“నుదుటి మీద కుట్లు మానాయి. ఇల్లంతా గంతులేస్తోంది. వాళ్ళమ్మ చేతికి మాత్రం ఇవ్వనివ్వట్లేదు. ఎత్తుకోమని పాప దగ్గరికెళ్తే చాలు, దూరం జరిపేయడమే. ఈ బొమ్మ చూపిస్తేనన్నా...” బొమ్మను జాగ్రత్తగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

“కన్నతల్లి చేతికి బిడ్డనివ్వనివ్వకపోవడమేంటండీ? అంత కఠినాత్మురాలు ఎవరు మీ ఇంట్లో? అత్తగారా?”

ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

“మా ఆవిడే.”