అక్కనడగండి

“అక్కా, మాత్రలు ఎక్కడ దాచుకోను?”

పొద్దున్నే ఇన్‌బాక్స్‌లో ఈ ప్రశ్న చూసి కౌన్సెలర్‌గారు టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

కుటుంబ నియంత్రణ కేంద్రం నడిపే ఆ పేజీ పేరు ‘అక్కనడగండి’. గోడ మీద పోస్టరు వంక తలెత్తి చూడని ఆడవాళ్లు కూడా ఫోన్లో గుట్టుగా అన్నీ అడిగేస్తారు. వీడియోల్లో కనపడేది గొడుగు బొమ్మ, వినపడేది నర్సు గొంతు. జవాబులు రాసేది మాత్రం కౌన్సెలర్‌గారు. ఆ సంగతి సొంత ఇంట్లోవాళ్లకి కూడా చెప్పకూడదని ఆఫీసు నియమం.

అడిగినామె ఫొటో ఉండాల్సిన చోట పిల్లి బొమ్మ ఉంది.

“మొదటి కాన్పులోనే చావు తప్పి బయటపడ్డానక్కా. మళ్లీ కనాలంటే గుండె దడ. డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చింది. మా ఆయన మంచివారే, కానీ ఇంకో బిడ్డ కావాలంటారు.”

“ఒకసారి కూర్చోబెట్టి నీ భయం చెప్పి చూడమ్మా.”

“చెప్పానక్కా. అందరూ కనట్లేదా అని నవ్వేస్తారు.”

కౌన్సెలర్‌గారికి ఒళ్లు మండిపోయింది. “నవ్వుతాడా! నొప్పులు వాడు పడ్డాడా ఏంటి!” అని పైకే అనేశారు.

పక్క సీట్లో నర్సు కిసుక్కుమంది. “అక్కగారికి కోపమొచ్చిందే!”

కౌన్సెలర్‌గారు పట్టించుకోకుండా టకటకా టైపు చేశారు. “ఒళ్లు నీది తల్లీ. నిర్ణయమూ నీదే. ఆయన చచ్చినా చెయ్యి పెట్టని చోట దాచు.”

“అయితే బియ్యం డబ్బాలోనే. మా ఆయన వంటింటి గడప తొక్కరు.”

“ఈ కాలంలోనూ ఉన్నారా అలాంటి మహానుభావులు!” అని రాసి, పక్కన నవ్వే బొమ్మ తగిలించారు కౌన్సెలర్‌గారు. ఎందుకో ఆ మాట మాత్రం పళ్లలో ఇరుక్కున్న పీచులా సాయంత్రం దాకా వదల్లేదు.

ఇంటికెళ్లగానే చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి నడిచారు. చేతులు కడుక్కున్నారు. గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి వెలిగించారు. బియ్యం డబ్బా కిందికి దించి మూత తీశారు.

“అయ్యో, మీకెందుకండీ ఆ పని!” అంటూ చంకలో పాపని దించేసి భార్య పరుగెత్తుకొచ్చేలోపే, ఆయన వేళ్లకి బియ్యంలో మాత్రల షీటు తగిలింది.