హవల్దారు పహరా

నర్సమ్మ చేతిలోని సబ్బుపెట్టెను ఆ పిల్ల మళ్ళీ లాక్కుంది.

స్నానాల గది ముందు బుడతలంతా తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళకి నీళ్ళు పోద్దామని నర్సమ్మ రవిక చేతులు మోచేతుల పైకి మడిచి వచ్చింది. ఆ పిల్ల మాత్రం, ముందు నువ్వు కానివ్వు అన్నట్టు తలుపు చూపించింది. ఆవిడ విసుక్కుంటూ లోపలికి వెళితే, బయట తువ్వాలు పట్టుకుని కాపలా నిలబడింది.

పదేళ్ళుంటాయేమో దానికి. ముందుపళ్ళ మధ్య సందు, నడుం మీద చేతులు, ఎప్పుడూ ముడిపడి ఉండే కనుబొమలు. నర్సమ్మ దానికి హవల్దారు అని పేరు పెట్టుకుంది.

ఆసుపత్రిలో పిల్లల వార్డులోనే పనిచేసి రిటైరైన మనిషి నర్సమ్మ. ఎంతమందికి బుజ్జగించి మందు పట్టిందో లెక్కలేదు. ఆయన పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడుకోలేక, పరాయి దేశంలో అనాథ పిల్లల హోమ్‌కి వాలంటీర్లు కావాలంటే పేరిచ్చింది. ఈ వయసులో సముద్రాలు దాటడమేమిటని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది.

తీరా వస్తే, ఇక్కడ ఒక్క పిల్లకి ముక్కు తుడిచే భాగ్యం కూడా దక్కలేదు. అన్నీ పెద్దపిల్లలే చేసేస్తారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క చిన్నది. హవల్దారు చంక మాత్రం ఖాళీ. పనీపాటా లేకే తన వెంట పడుతోందని నర్సమ్మ గట్టి నమ్మకం.

మొదటిరోజే మొదలైంది ఈ పోరు. వార్డెన్ పిల్లల్ని నిలబెట్టి, నర్సమ్మ గురించి వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు చెప్పింది. దారిలో కారులో అడిగి తెలుసుకున్నవే అయ్యుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు, నా అన్నవాళ్ళు లేరు. గుసగుసలు ఆగిపోయాయి. హవల్దారు వరసలోంచి విసవిసా వచ్చి ఆవిడ సంచీ లాక్కుంది.

భోజనాల గదిలో వడ్డిద్దామని గరిటె పట్టుకుంటే అదీ లాక్కుంది. బల్ల చివర కూర్చోబెట్టి, అందరికంటే ముందు ఆవిడ కంచంలో వేసింది. మిగిల్చితే కంచం అంచు మీద చెంచాతో టకటకా కొట్టింది. వీధిలోకి వెళితే మణికట్టు పట్టుకుని రోడ్డు దాటేదాకా వదలదు. నేనేమన్నా దొంగనా, పారిపోతానా అని నర్సమ్మకి ఒళ్ళు మండిపోయేది. పైగా వస్తువులు చూపించి పేర్లు వల్లె వేయించడం ఒకటి. చెంచా, గుమ్మం, చెప్పు. తప్పు పలికితే మళ్ళీ మొదటినుంచీ. జుట్టు నెరిశాక ఈ బుల్లి పంతులమ్మ దగ్గర ఓనమాలా అని పళ్ళు నూరుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన గుర్తొచ్చి కళ్ళు తడిశాయి. అదీ హవల్దారు కంట పడింది. ఎక్కడినుంచో ఒక గుడ్డ కుందేలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేసింది. కుందేలుకి చెవి ఊడి వేలాడుతోంది. ఏడ్చే మనిషికి కుట్టుపని చెప్పడం చూడు అని గొణుక్కుంటూ, నర్సమ్మ సూదీదారం తీసి చెవి కుట్టి ఇచ్చేసింది. తెల్లారి చూస్తే కుందేలు మళ్ళీ ఆవిడ మంచం మీదే ఉంది. ఇంకెక్కడ చిరిగిందోనని తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా చిరగలేదు.

నెలాఖరుకి వార్డెన్ గదిలోకి పిలిచింది. ఇక్కడ నర్సమ్మ భాష తెలిసింది ఆమెకొక్కదానికే.

"ఏమీ అనుకోకండి అక్కయ్యా. పిల్లలు మీ దగ్గర చేరడం లేదు. మిమ్మల్ని ఉంచాలా, వెనక్కి పంపాలా అని పైవాళ్ళు అడుగుతున్నారు."

"చేరనిస్తే కదమ్మా. గరిటె ముట్టనివ్వదు, సబ్బు ముట్టనివ్వదు. ఆ హవల్దారుని కాస్త అవతల పెట్టండి, మిగతాది నేను చూసుకుంటా."

"మంచి పిల్లేనండీ అది."

"మంచిదే. నేనంటేనే గిట్టదు."

ఈ వారం చూద్దామంది వార్డెన్. నర్సమ్మకి తాళం వేసి వచ్చిన తన ఇల్లు కళ్ళముందు మెదిలింది. ఆ తాళం తీయాలంటే చెయ్యి వస్తుందా అనిపించింది.

ఆ వారంలోనే కొత్తగా ఒక చంటిదాన్ని తెచ్చారు. మూడేళ్ళుంటాయేమో. గేటు ఊచలు పట్టుకుని గుక్కపట్టి ఏడుస్తోంది. నర్సమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా వెళ్ళి చేతులు చాచింది. అంతలో హవల్దారు అడ్డొచ్చి, ఆగమన్నట్టు అరచెయ్యి చూపించింది.

"ఇక చాలే తల్లీ," అంది నర్సమ్మ. "రేపే వెళ్ళిపోతాను. నీ రాజ్యం నువ్వే ఏలుకో."

ఆ మాటలు హవల్దారుకి అర్థం కాలేదు. లోపలికి పరిగెత్తి, నర్సమ్మ మంచం మీది కుందేలుని తెచ్చి చంటిదాని చేతిలో పెట్టింది. ఏడుపు కాస్త తగ్గింది. అప్పుడు ఆ చిన్ని వేళ్ళని ఊచల మీంచి విడదీసి, నర్సమ్మ అరచేతిలో పెట్టి మూసింది. నడుం మీద చేతులు వేసుకుని వార్డెన్‌తో ఏదో గట్టిగా చెప్పింది.

వార్డెన్ నవ్వబోయి ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఏమంటోంది? నా మీద పితూరీయేనా?" అంది నర్సమ్మ.

"'ఎవరూ లేరని మీరు తెచ్చిన ఈవిణ్ణి ఇన్నాళ్ళూ నేను పెంచాను, ఇప్పుడు కుదురుకుంది, ఇక ఈ చంటిదాన్ని ఈవిడకి అప్పగించండి' అంటోంది అక్కయ్యా."