మొదటి ముక్క

"నోరు తెరవండి, బాబా."

"ఎందుకు?"

"మంచినీళ్లు తాగి పచ్చిమిరపకాయ కొరికినట్టు మొహం పెట్టారు, అందుకు."

కోడలు పియాలి అప్పటికే ఫోన్ లైటు వేసి పట్టుకుంది. నిబారణ్ మోదక్ మూతి బిగించి కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగాడు.

బెంగాల్లోని చందన్‌నగర్‌లో మోదక్ వాళ్ల మిఠాయి కొట్టంటే ఆ కుర్చీయే. దాంట్లో ఆయన తాత కూర్చున్నాడు, తర్వాత తండ్రి కూర్చున్నాడు. పొద్దున్నే పాలు విరగ్గొట్టి చక్కెరతో చేసిన మొదటి వాయి సందేశ్‌లోంచి ఒక ముక్క ఆ కుర్చీలో ఉన్న మనిషి నోట్లో వేసుకుని "అమ్మండి" అంటేనే కొట్టు తలుపులు తీస్తారు.

కొన్నాళ్లుగా ఆ నోరే సరిగ్గా లేదు. నాలుక మీద పెరుగు తోడుకున్నట్టు తెల్లటి పొర. గీకితే మంట, కింద ఎర్రటి పుండు. సందేశ్ తింటే దూది నమిలినట్టుంది. ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్తే కొడుకు తపోబ్రత ఎంతో ప్రేమగా "మీరిక ఇంట్లో విశ్రాంతి తీసుకోండి బాబా" అంటాడు. ఆ కుర్చీ పోయాక ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలి? టీవీకి కాపలా కాయాలి.

కానీ పియాలి వదిలే రకం కాదు. సాయంత్రానికల్లా డాక్టరు దగ్గర కూర్చోబెట్టింది.

"ఫంగస్," అంది డాక్టరమ్మ, నాలుక మీద టార్చి వేసి చూసి. "షుగరు బాగా పెరిగితే ఇలా వస్తుంది. మాత్రలు వేసుకుంటున్నారా?"

నిబారణ్ గోడ మీద క్యాలెండరు చూశాడు.

"మానేశారా?"

"అవి మింగితే నోరంతా ఇనుము రుచి వస్తుందమ్మా. ఈ నాలుకే మా పనిముట్టు. దానికి తుప్పు పట్టించుకోమంటారా?"

"తుప్పు పట్టకుండా చూసుకున్నారు, బూజు పట్టింది. పాకం గిన్నెకి మూత పెట్టకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? ఇప్పుడు మీరే ఆ గిన్నె."

పియాలి నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

నోట్లో వేసుకునే చుక్కల మందు రాసిచ్చింది డాక్టరమ్మ. మాత్రలు మానొద్దంది. ఆయన అడిగింది ఒక్కటే.

"రుచి తిరిగొస్తుందా?"

"పొర పోతే వస్తుంది."

ఇంటికి రాగానే పియాలి తన కూతురు తితిర్‌ని తెచ్చి ముందు నిలబెట్టింది.

"దీని తల మీద చెయ్యి వేసి మిఠాయి ముట్టనని చెప్పండి."

"మిఠాయి కొట్టు నడిపేవాడితో వేయించే ఒట్టేనా ఇది?"

"సరే, పొద్దున్నే ఆ మొదటి ముక్క తినండి. అది తప్ప తీపి ఇంకేదీ వద్దు."

"తినను తల్లీ. ఒట్టు."

"దాదూ, చెయ్యి తియ్యి, బరువుగా ఉంది," అంది తితిర్.

మర్నాటి నుంచి ఆయన్ని కార్ఖానాలోకి రానివ్వలేదు పియాలి. పొయ్యి సెగకి నోరు ఇంకా మండుతుందంది. తనే చిన్న పింగాణీ ప్లేటులో ముక్క తెచ్చిచ్చి, తినేదాకా ఆయన మొహంలోకే చూస్తూ నిలబడేది.

"ఎలా ఉంది, బాబా?"

"అమ్మండి."

నాలుక మెల్లగా గులాబీ రంగుకి తిరిగింది. చింతపండు చట్నీ పుల్లగా తగిలింది. ఆవపిండి పెట్టిన చేపల కూరకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లన్నీ ఆవఘాటుకి వచ్చినవి కావు. రేపు సందేశ్ తీపి కూడా తెలుస్తుందని ఆ రాత్రి ఆయనకి సరిగ్గా నిద్ర పట్టలేదు.

తెల్లారి ముక్క నోట్లో వేసుకున్నాడు. యాలకుల వాసన తెలిసింది. విరిగిన పాల మెత్తదనం తెలిసింది. తీపి మాత్రం జాడ లేదు.

"బాబా?"

"అమ్మండి," అన్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే, నాలుక అద్దంలా ఉందని డాక్టరమ్మ మెచ్చుకుని, రుచి ఎలా ఉందని అడిగింది. పక్కనే కోడలు ఉంది. "భేషుగ్గా ఉంది," అనేశాడు.

జగద్ధాత్రి పూజ వచ్చింది. ఊరంతా దీపాలు, బయట మెట్ల దాకా జనం. మిఠాయి మేస్త్రి గదాయ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈసారి చక్కెర కొత్త మిల్లుది, మోదక్‌బాబూ. పాకం కొలతలో నాకే అనుమానంగా ఉంది. కాస్త చూసి చెప్పండి."

పియాలి ప్లేటు తెచ్చింది. నిబారణ్ ముక్కని నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. కళ్లు మూసుకుని మళ్లీ తిప్పాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"తపో, ఇలా వచ్చి కూర్చో."

"నేనా? ఎందుకు బాబా?"

"నాకు తీపి తెలియడం లేదురా. రోగం పోతూ పోతూ నాలుకని కూడా పట్టుకుపోయింది. ఇన్నాళ్లూ ఊరికే అమ్మండి అంటూ వచ్చాను. పండగ పూట ఊరు ఊరంతా తినే సరుకు. ఇవాళ ఆ అబద్ధం ఆడలేను."

"బాబా, ఒక్క మాట..." అంది పియాలి.

"నువ్వేం చెప్పకమ్మా. నా నోరు బాగుచేయడానికి నువ్వు చెయ్యని సేవ లేదు. తప్పు నాది. కూర్చోరా."

తపోబ్రత కూర్చున్నాడు. గదాయ్ పెద్ద పళ్లెంలోంచి ముక్క తీసిచ్చాడు. కొడుకు అది నోట్లో వేసుకుని, తండ్రి వైపు చూసి, మెల్లగా "అమ్మండి" అన్నాడు. తలుపులు తెరుచుకున్నాయి, జనం తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఆ తోపులాటలో గదాయ్ వంగి పెద్దాయన కాళ్లకి దణ్ణం పెట్టాడు. నిబారణ్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

పియాలి ఖాళీ ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

"బాబా, మీ ముక్కలో నేను చక్కెర వెయ్యడం లేదు."