కాచని డప్పు

గోదారి నడుమ జువ్విలంక కొట్టుకుపోయిన వరద ఏడు జరిగింది ఇది.

మా వైపు ఆ ఏడుని అలాగే చెప్పుకుంటారు. ఎవరు పుట్టినా, ఎవరు పోయినా దానికి ముందో, వెనకో.

లంక పోయిన సంగతి అప్పటికింకా గట్టు కింది పేటలో ఎవరికీ తెలీదు.

మెరక మీద ప్రార్థన పాక. అందులో ముగ్గురు కూర్చుని పాట కుదురుస్తున్నారు. యెహెజ్కేలు ఫిడేలు. పాట కట్టిందీ అతనే. చిట్టియ్య మద్దెల. వీరాస్వామి తాళాలు.

ఆదివారం పాదిరి దొర వస్తున్నాడు. ఆయన ముందు పాడాలి.

మూడో చరణం దగ్గర ఫిడేలు ఒక దారి, మద్దెల ఒక దారి పోతున్నాయి.

“నీ పాట పరిగెడుతోంది బావా. నా చేతులకి కాళ్ళు లేవు,” అన్నాడు చిట్టియ్య.

“నోరు మూసుకుని వాయించరా.”

వీరాస్వామి కిటికీలోంచి చూశాడు.

“గోదారి గట్టుని ఒరుసుకుపోతోంది. ఏసమ్మ పచ్చి బాలింత, కింద పేటలో ఉంది. ఓసారి చూసి రాకూడదా?”

“అమ్మ ఉందిగా నా పెళ్ళాం దగ్గర. ఆనకట్ట కట్టాక ఇంకా వరదేంట్రా? పల్లవి ఎత్తు.”

ఎత్తారు.

అప్పుడు వినబడింది డప్పు.

ముగ్గురి చేతులూ ఆగిపోయాయి.

మతం పుచ్చుకున్నాక ఆ పేటలో డప్పు మోగలేదు. తండ్రి డప్పుని పొయ్యిలో పెట్టింది యెహెజ్కేలే. మొన్న అమ్మోరి జాతరకి పై వీధి కుర్రాళ్ళు పని గట్టుకొచ్చి పాక ముందు వాయించారు. ప్రార్థనలో ఒక్క ముక్క వినబడనివ్వలేదు.

“మళ్ళీ దాపురించారు,” అంటూ తలుపు తీశాడు యెహెజ్కేలు.

ఒక్కడే ఉన్నాడు. ఎరగని మనిషి. ఒంటి నిండా బురద. జుట్టు విరబోసుకునుంది. కళ్ళు చింతనిప్పులు. నోరు తెరుస్తున్నాడు, మాట రావటంలేదు. డప్పు కొడుతూ, మధ్యలో చెయ్యి కిందికి చూపిస్తున్నాడు.

కిందనే పేట. పేట అవతల అమ్మోరి గుడి.

“పూనకమా, కల్లా?” అన్నాడు యెహెజ్కేలు. “మీ అమ్మోరు ఇక్కడ లేదు. దిగవయ్యా.”

ఆ మనిషి వచ్చి యెహెజ్కేలు చెయ్యి పట్టుకు లాగాడు. యెహెజ్కేలు ఒక్క తోపు తోశాడు. బురదలో పడ్డాడు. పడినా డప్పు వదల్లేదు.

తలుపు గడియ పడింది.

చిట్టియ్య మెల్లిగా అన్నాడు. “బావా, అది కాచని డప్పు. తడి గోనె మీద కొట్టినట్టుంది చప్పుడు. జాతరకి ఎవడన్నా కాచకుండా తెస్తాడా?”

అది యెహెజ్కేలుకీ వినబడింది. డప్పుల ఇంట పుట్టినవాడు. మంట చూపించకపోతే తోలు పలకదని తెలుసు. చెవి పట్టుకుంది, కోపం వదిలేసింది.

“తాగినోడికి కాచటం గుర్తుంటుందేంటి! గట్టిగా వాయించు. వాడి చప్పుడు లోపలికి రాకూడదు.”

వాయించారు. అన్నాళ్ళూ కుదరని చరణం అప్పుడు కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు.

బయట డప్పు ఎప్పుడు కిందికి దిగిపోయిందో తెలీలేదు.

తలుపు మీద గుద్దులు పడ్డాక ఆపారు.

పేటంతా వానలో నిలబడి ఉంది. ముందు యెహెజ్కేలు తల్లి జ్ఞానమ్మ. ఆమె నెత్తి మీద తట్టలా డప్పు. డప్పులో పసిగుడ్డు.

“గట్టు తెగుతోందని చెప్పే దరువురా అది! మీ నాన్న వాయించిందే!” అంది జ్ఞానమ్మ. “నీ ఫిడేలు లేనిచోట ఉన్నాను గనక నాకు తెలిసింది.”

“ఏసమ్మేదీ?”

“ఇదిగో. ఆ డప్పు మనిషే బిడ్డని డప్పులో పెట్టి నా నెత్తికెత్తాడు. దీన్ని భుజాన వేసుకుని మెరకెక్కించాడు.”

ఏసమ్మ నీళ్ళకేసి చూస్తోంది. “నేనే అన్నాను, దూడకి కట్టు విప్పలేదని. మళ్ళీ దిగాడు. అప్పుడే తెగింది గట్టు.”

“ఎవరమ్మా ఆయన?” అన్నాడు యెహెజ్కేలు.

“ఏ ఊరు నాయనా అని అడిగాను. పెదాలు ఆడించాడు. గొంతు లేదు,” అంది జ్ఞానమ్మ.

తెల్లారేసరికి మెరక చుట్టూ ఎర్రనీళ్ళు. పడవ గంగరాజు గడ వేసుకుంటూ వచ్చాడు.

“డప్పు మనిషి ఇటు గానీ వచ్చాడాండి?”

గంగరాజు డప్పు చూశాడు. తలగుడ్డ తీసేశాడు.

“నిన్న పొద్దున్న జువ్విలంక పోయిందండి. ఇల్లు లేదు, మనిషి లేదు. ఇతనొక్కడే డప్పు పట్టుకుని తేలాడు. పెళ్ళాన్నీ పిల్లల్నీ పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. నేనే ఒడ్డున దింపాను. గంజి తాగి పడుకోరా అంటే, చెయ్యి దిగువకి చూపించి వెళ్ళిపోయాడండి.”

యెహెజ్కేలు డప్పు అందుకున్నాడు.

“దిగువ ఊళ్ళకి నీళ్ళు చేరాయా?”

“ఇంకా లేదండి. మధ్యాహ్నానికి చేరతాయి.”

యెహెజ్కేలు పాకలోకి వెళ్ళాడు. చూరులో పొడి తాటాకు లాగి మంట చేశాడు. డప్పుని దగ్గరగా, దూరంగా తిప్పుతూ కాచాడు. వేలితో మీటి చూశాడు. ఫిడేలు చాప మీదే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

పడవెక్కాడు.

మొదటి ఊరి మొదట్లోనే, అరుగు మీంచి ఒక పెద్దాయన గద్దించాడు.

“పొద్దున్నే ఏంట్రా ఈ డప్పు? ఎవడివి? ఏ ఊరు నీది?”

యెహెజ్కేలు దరువు ఆపకుండానే చెప్పాడు.

“జువ్విలంకండి.”