ఇద్దరు యాదమ్మలు

మండలాఫీసు వరండాలో రామచంద్రయ్య నిలబడటం ఇది ఐదోసారి. ఈసారి ఎలాగైనా పెద్ద యాదమ్మ మరణ పత్రం చేతిలో పడాలి. పడకపోతే చిన్న యాదమ్మ విమానం ఎక్కదు.

మోకాళ్లు పీకుతున్నాయి. నలభై ఏళ్లు మగ్గం గుంటలో కాళ్లాడించిన మనిషికి నాలుగు ఆఫీసు మెట్లు ఇంత బరువవుతాయని ఎవరు చెప్పొచ్చారు?

సంగతి ఇదీ. చిన్న యాదమ్మ హాకీ ఆడుతుంది. బడిలో డ్రిల్లు మాస్టారు ఇస్రాయేలు ఆమె చేతికి కర్ర ఇచ్చి పరుగెత్తమన్న పాపానికి, నల్లగొండ దాకా, హైదరాబాదు దాకా, చివరికి బెంగళూరు క్యాంపు దాకా పరుగెత్తింది. వచ్చే నెల దేశం కాని దేశంలో పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లల అంతర్జాతీయ పోటీలున్నాయి. ఎంపికైన వాళ్లలో రామచంద్రయ్య బిడ్డ ఉంది.

అంతలో ఎవడో ఆకాశరామన్న ఉత్తరం రాశాడు, ఈ పిల్లకు ఇరవై నిండాయని. బడి సర్టిఫికెట్ చాలదు, పంచాయతీ పుట్టుకల రిజిస్టర్ నకలు తెమ్మన్నారు. తీస్తే అందులో ఉన్నది ఒక్కటే యాదమ్మ. తండ్రి రామచంద్రయ్య, పుట్టింది 1969లో. అది పెద్దది. చిన్నది మూడేళ్ల తర్వాత అమ్మమ్మగారి ఊరు కేతేపల్లిలో పుట్టింది. అక్కడ ఎవరూ రాయించలేదు.

యాదగిరిగుట్ట దేవుడికి మొక్కుకుంటే పుట్టారని ఇద్దరికీ ఒకే పేరు పెట్టుకున్నాడు రామచంద్రయ్య. ఇంట్లో పెద్ద, చిన్న అంటే సరిపోయేది. సర్కారుకు సరిపోలేదు.

గుమాస్తా మొదటి రోజే తేల్చి చెప్పాడు. ఒకే తండ్రికి ఒకే పేరుతో ఇద్దరు బిడ్డలంటే పైవాళ్లు నమ్మరు, ఎంక్వైరీ వేస్తారు. అది పైకి పోయి కిందికి రావడానికి మూడు నెలలు. చనిపోయిన పిల్ల పేరు తర్వాత పుట్టిన పిల్లకు పెట్టుకోవడం మాత్రం ఊళ్లలో ఉన్నదే. పెద్దది పోయిందంటే, దాని మరణ పత్రం ఒక్కటి పెడితే చిన్నదానికి బడి సర్టిఫికెట్టే చెల్లుతుంది, ఎవరూ నోరెత్తరు.

ఆ మరణం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. ఇప్పుడు ఎక్కించాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, ఒకనాడు సంతకం పెట్టే సారు లేడు, ఒకనాడు సీలు దొరకలేదు, ఇంకోనాడు స్టాంపు కాగితం మీద అక్షరం తప్పింది. రేపు సాయంత్రానికి పత్రం బెంగళూరులో లేకపోతే ఆ చోటు వేరే పిల్లకు పోతుంది. చిన్నది తిరిగొచ్చి మగ్గం గుంటలో కాళ్లు పెట్టాలి. గాలిలా ఉరికే ఆ కాళ్లను గుంటలో చూడటం రామచంద్రయ్య వల్ల కాదు.

పొద్దున ఆయన బయలుదేరుతుంటే భార్య శారదమ్మ గుమ్మం దాకా రాలేదు. దేవుడి పటం వైపు తిరిగి కూర్చుంది. బస్సులో ఆయన, అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు మనసులో చెప్పుకుంటూ వచ్చాడు. గుమాస్తా రిజిస్టర్ తెరిచాడు.

"ఎట్ల పోయింది?"

"జరమొచ్చి సారు."

"ఏం జరం?"

రామచంద్రయ్య నేల చూశాడు. "పెద్ద జరం."

"ఎన్నేండ్లుండె?"

"రెండేండ్లు. అప్పటికి చిన్నది పుట్టలే."

దవాఖానకు తీసుకుపోలేదా అని అడిగాడు గుమాస్తా. బండి కట్టేలోపే అయిపోయిందన్నాడు. ఎక్కడ పూడ్చారంటే చెలక గట్టు కింద అన్నాడు. కన్నతండ్రి నోటితో అనాల్సిన మాటలా ఇవి? ఒక్కో జవాబుకూ నాలుక కొరుక్కోవాలనిపించింది. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఏడుపు నిజంగానే వచ్చింది.

సాక్షులిద్దరు, పక్కింటి గురవయ్య, సైకిల్ షాపు కరీం. గురవయ్య వేలిముద్ర వేసి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి పోయి బీడీ ముట్టించాడు. కరీం పెన్ను పట్టుకొని అలాగే నిలబడిపోయాడు.

"నా చెయ్యి రాస్తలేదు రామచంద్రన్నా."

"పెట్టు కరీం. పిల్ల బతుకు జూడు."

కరీం సంతకం పెట్టాడు.

మధ్యాహ్నం మూడింటికి సీలు పడింది. గుమాస్తా చెడ్డవాడేం కాదు. పత్రం అందిస్తూ ఓదార్చాడు కూడా.

"పోయినోళ్లు పోయిన్రు పెద్దమనిషీ. ఉన్నోళ్లన్న బాగుపడాలె."

రామచంద్రయ్య తలూపాడు. యాదమ్మ, స్త్రీ, వయసు రెండేళ్లు, కారణం జ్వరం. చదివి నాలుగు మడతలు పెట్టాడు. మళ్లీ విప్పలేదు.

బస్టాండులో ఇస్రాయేలు సారు కాచుకొని ఉన్నాడు. పత్రం సంచిలో భద్రంగా పెట్టుకొని హైదరాబాదు బస్సెక్కాడు. అక్కడి నుంచి బెంగళూరు. ఇక ఫికర్ లేదు, మీ చిన్నబిడ్డ విమానం ఎక్కినట్టే అని కిటికీలోంచి చెయ్యూపాడు. సంతోషపడాల్సిన మాటే. రామచంద్రయ్యకు మాత్రం అక్కడే ఇంత జాగా చూసుకొని పడుకుందామనిపించింది. గురవయ్య, కరీం ఆయనతో పాటే ఊరి బస్సెక్కారు.

ఇంటికి చేరేసరికి పొద్దు గూకింది. చెప్పులు విడిచి అరుగు మీద కూలబడ్డాడు.

మగ్గం మీది నుంచి లేచి వచ్చి, చెంబుతో నీళ్లు చేతికిస్తూ, "ఇంతకు నన్ను ఏ రోగంతోని సంపిన్రు బాపూ?" అని అడిగింది పెద్ద యాదమ్మ.