పైకప్పు లేని కారు

"మేం ఆ వ్యాన్ ఎక్కం ఆంటీ," అంది నీలిమ.

పులిహోర వడ్డిస్తున్న సులోచన గారి చెయ్యి అలాగే ఆగిపోయింది. టేబుల్ మీద మారిషస్ మ్యాపు పరిచి, సముద్రాన్ని ఆనుకుని పోయే రోడ్డును ఎర్ర పెన్నుతో దిద్దుతున్న పురుషోత్తం గారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో తెలుగువాళ్ళ సెలవులంటే ఆ దంపతులదే పెత్తనం. ఎక్కడికి పోవాలో ఆయన చెబుతారు, ఏం వండుకుపోవాలో ఆవిడ చెబుతారు. మిగతా కుటుంబాలు సంచులు సర్దుకుని వ్యాన్ ఎక్కి కూర్చోవడమే. ఈసారి మారిషస్‌లోనూ అందరికీ కలిపి డ్రైవరుతో సహా ఒక వ్యాన్ మాట్లాడారు. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎక్కనన్న పాపాన పోలేదు.

"ఎక్కకపోతే ఈదుకుంటూ వస్తారా?" అన్నారు సులోచన గారు.

"కారు తీసుకుంటాం. ఆ రోడ్డు మీద మేమిద్దరమే వెళ్తాం. నేను నడుపుతా."

గదిలో అందరూ నవ్వారు. నీలిమ భర్త శశికాంత్ ఒక్కడే నవ్వలేదు. అలాగని పెళ్ళాం తరఫున నోరు విప్పనూ లేదు. ప్లేట్లో అప్పడాన్ని ముక్కలు చేస్తూ కూర్చున్నాడు.

నీలిమకు ఒళ్ళు మండింది. పోయిన వేసవిలో కెర్రీ తీరమంతా ఇలాగే తిప్పారు. వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని, ఒళ్ళో కుక్కర్ పెట్టుకుని, ఆవిరి పట్టిన అద్దంలోంచి సముద్రాన్ని చూసింది. చూసిందనడం కూడా ఎక్కువే. ఒక్కసారి ఆపమంటే, పెరుగన్నం వేళకి ఆపుతాంలే అన్నారు. ఈసారి ఆ రోడ్డు తన చేతుల్తో నడపాలి, తనకెక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగాలి. ఇవాళ ఆ సంగతి తేల్చుకోకుండా ఈ గుమ్మం దాటేది లేదు.

"ఆ రోడ్డంటే ఏమనుకున్నావమ్మాయ్? ఒకపక్క కొండ, ఒకపక్క సముద్రం," అన్నారు పురుషోత్తం గారు.

"అవి చూడ్డానికే కదంకుల్ వెళ్ళేది."

"చెరకు లారీలు ఎదురొస్తాయి."

"పక్కకి ఆపుతా. పోనిస్తా."

"టైరు పంక్చరైతే?"

"మారుస్తా. నేర్చుకున్నా. చేతులు నల్లగా అవుతాయి, అంతే."

"దారి తప్పితే?"

"అది దీవి అంకుల్. ఎటుపోయినా సముద్రమే వస్తుంది."

"ఫెయిర్ ప్లే టు యూ, ఆంటీ," అని శభాష్ చెప్పింది సోఫాలోంచి పురుషోత్తం గారమ్మాయి నిఖిల. ఆ పిల్లకి తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే ఐరిష్ యాసే. తండ్రి చురచురా చూసేసరికి మళ్ళీ ఫోన్లో తల దూర్చేసింది.

"సరే, అంత పట్టుదలగా ఉంటే ఒక పని చేద్దాం," అన్నారు పురుషోత్తం గారు దయతలిచినట్టు. "నేనూ ఒక కారు తీసుకుంటా. ముందు నేను పోతా, వెనకాలే నువ్వు రా. నేను ఆపినచోట ఆపు, కదిలినప్పుడు కదులు."

"మీకు కారివ్వరంకుల్."

"ఎందుకివ్వరు? ఈ దేశమొచ్చిన దగ్గర్నుంచీ నడుపుతున్నా."

"టెస్టు పాసవకుండా ప్రొవిజనల్ లైసెన్సు మీద నడుపుతున్నారు. అక్కడ ఫుల్ లైసెన్సు చూపించాలి."

పురుషోత్తం గారి మొహం మాడిపోయింది. ఆ రోజుల్లో ఐర్లండ్‌లో చాలామంది అలాగే నడిపేవాళ్ళు. టెస్టుకి తేదీ దొరకాలంటే నెలల తరబడి కాచుకోవాలి. ఈలోపు ఇక్కడివాళ్ళలాగే అంతా గ్రాండ్, ఏం ఫర్వాలేదు అనుకుంటూ ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళు. గదిలో మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టెస్టు పాసైనవాడు ఒక్కడూ లేడు, శశికాంత్‌తో సహా.

"నీకుందేమిటి?" అని ఎదురడిగారు పురుషోత్తం గారు.

"ఉంది. రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యా."

పురుషోత్తం గారు ఊరికే పెద్దరికం చేస్తున్నారా? ఎంతలో తేరుకున్నారో చూడండి.

"ఇంకేం మరి, వ్యాన్‌కి డ్రైవరెందుకు దండగ? నీలిమే నడుపుతుంది. హాయిగా అందరం కలిసే పోదాం."

గదంతా తేలికపడింది. మంచి మాట చెప్పారన్నారొకరు. మన పిల్లే నడిపితే మన పాటలు పెట్టుకోవచ్చన్నారు ఇంకొకరు. ముందు సీటు ఎవరికన్న చర్చ కూడా మొదలైపోయింది.

ఇంత పోట్లాడి చివరికి వీళ్ళందరికీ డ్రైవరు కావడమా? నీలిమ కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

"నడపనంకుల్. మీ వ్యాన్ మీది, మీ డ్రైవరు మీకు. నా కారు బుక్ చేసేశా. దానికి పైకప్పు లేదు. సీట్లు రెండే. మూడోవాళ్ళని ఎక్కించమని ఎవరు చెప్పినా కుదరదు."

సులోచన గారు గరిటె గిన్నెలో పడేసి, "నీలిమా, ఒకసారి ఇలా రా," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఆవిడ వంటింట్లోకి పిలిచారంటే తలంటు పోస్తారని వాటర్‌ఫోర్డ్‌లో అందరికీ తెలుసు. శశికాంత్ జాలిగా చూశాడు. నీలిమ చున్నీ నడుముకి బిగించి కట్టుకుని వెళ్ళింది. పెద్దావిడైతే అయింది కానీ, ఇవాళ ఒక్క మాట కూడా పడదల్చుకోలేదు.

సులోచన గారు తలుపు దగ్గరికి వేశారు. అక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమర తెరిచి గిన్నెలు లోపల పెట్టి, చప్పుడయ్యేలా మూశారు.

"మీరేం చెప్పినా నేను వ్యాన్ ఎక్కనాంటీ. నడపను కూడా."

"మెల్లిగా మాట్లాడు, బయటికి వినిపిస్తుంది," అన్నారావిడ. నీలిమ చెయ్యి గట్టిగా పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. "మీ ఆయన్ని మా ఆయనతోపాటు వ్యాన్ ఎక్కించెయ్. ఆ రెండో సీటు నాకుంచు."